భోజన వేళలు

భోజన వేళలు అనగా ఒక వ్యక్తి ఒక రోజులో ఎన్నిసార్లు, ఏయే సమయాలలో ఆహారం తీసుకుంటాడు అన్న క్రమం. రోజుకు మూడుసార్లు తినడం నేడు ప్రపంచంలో చాలాచోట్ల వాడుకగా ఉన్నది. అయితే మూడు అనే ఈ సంఖ్యను మానవ శరీరం నిర్ణయించలేదు. పని వేళలు, వాతావరణం, మతాచారాలు, ఇంటి స్థోమత కలిసి నిర్ణయించాయి. ఆరోగ్యవంతులైన పెద్దవారి విషయంలో రోజు మొత్తం మీద ఏమి తిన్నారు, ఎంత తిన్నారు అన్నవి ముఖ్యం. దానిని ఎన్ని భాగాలు చేసుకొని తిన్నారన్నది ఆ తరువాతి విషయం. పసిపిల్లలు, గర్భిణులు, కాలేయ వ్యాధి ముదిరినవారు, మధుమేహానికి కొన్ని రకాల మందులు వాడేవారు మాత్రం ఇందుకు మినహాయింపు. వీరికి వేళ తప్పడం ప్రమాదకరం కావచ్చును.

తెలుగునాట పూటలు

తెలుగువారు భోజనాన్ని పూటతో లెక్కిస్తారు. పూట అంటే దినంలో సగం. "రెండు పూటలా తినడం" అంటే లోటు లేకుండా బ్రతకడం అనీ, "పూట గడవకపోవడం" అంటే పేదరికం అనీ అర్థం. పూటకూళ్ళు, ఒంటిపూట వంటి మాటలు కూడా ఇక్కడి నుండి వచ్చినవే. ఈ మాటలను బట్టి చూస్తే పగలు ఒకటి, రాత్రి ఒకటిగా రెండు పెద్ద భోజనాలు అన్నది పాత లెక్క అని తెలుస్తుంది. పొలం పనులకు పోయేవారు తెల్లవారుతూనే చద్దన్నమో అంబలో తీసుకునేవారు కాని, దానిని భోజనం కింద లెక్కవేయలేదు. అది చద్ది మాత్రమే. రాయలసీమలో రాగి సంకటి, తెలంగాణలో జొన్న గటక, జొన్న రొట్టె పనిచేసేవారి ప్రధాన ఆహారాలుగా ఉండేవి.

ప్రతి ఉదయం ఇడ్లీ, దోసె, ఉప్మా వంటి ఫలహారం తినడం పట్టణాలు, హోటళ్ళు, ఆఫీసు వేళలతో పాటు 20వ శతాబ్దంలో బాగా వ్యాపించింది. టిఫిను అనే మాటను బ్రిటిషు పాలన కాలంలో ఇక్కడి ఆంగ్లేయులు మధ్యాహ్నం తీసుకునే తేలిక భోజనానికి వాడేవారు. తెలుగువారి నోట అది ఉదయపు ఫలహారంగా మారింది.

మతాచారాలలో భోజన సంఖ్యకు చాలా ప్రాముఖ్యత ఉన్నది. బౌద్ధ భిక్షువుల నియమావళి ప్రకారం మధ్యాహ్నం దాటిన తరువాత భోజనం చేయరాదు. జైనులలో సూర్యాస్తమయం తరువాత తినకపోవడం ఆచారం. హిందువుల వ్రతాలలో ఏకభుక్తం (ఒక్కపూట భోజనం), నక్తం (పగలంతా ఉపవాసం ఉండి రాత్రి నక్షత్ర దర్శనం తరువాత భోజనం) అనే పద్ధతులు ఉన్నాయి. కార్తీక మాసంలో నక్తం పాటించేవారు తెలుగునాట నేటికీ కనిపిస్తారు. రంజాన్ మాసంలో ముస్లిములు తెల్లవారుజామున సహరి, సూర్యాస్తమయం వేళ ఇఫ్తార్‌గా రోజుకు రెండుసార్లు తింటారు. ఈ ఆచారాల ఉద్దేశం ఇంద్రియ నిగ్రహం, భక్తి. బరువు తగ్గడం కాదు. ఆయుర్వేదం మాత్రం ఈ విషయాన్ని ఆరోగ్యం దృష్టితోనే చూసింది. తిన్నది అరగకముందే మళ్ళీ తినడాన్ని చరక సంహిత అధ్యశనం అని పేర్కొని, రోగకారణాలలో చేర్చింది.

రెండు భోజనాల మధ్య శరీరంలో జరిగేది

అన్నం, రొట్టె వంటి పదార్థాలలోని పిండి పదార్థం జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తంలోకి చేరుతుంది. అప్పుడు క్లోమం నుండి ఇన్సులిన్ విడుదలవుతుంది. దాని ప్రభావం వలన కణాలు గ్లూకోజును తీసుకుంటాయి. మిగులును కాలేయం, కండరాలు గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాయి. కాలేయంలో సుమారు 100 గ్రాములు, కండరాలన్నిటిలో కలిపి సుమారు 400 గ్రాములు నిలువ ఉంటుంది. అయితే కండరాలలోని నిలువ ఆ కండరాల వాడకానికే. దానిని అవి తిరిగి రక్తంలోకి వదలలేవు. రక్తంలో గ్లూకోజు తగ్గకుండా చూసే భారం కాలేయానిది.

భోజనం చేసిన మూడు నాలుగు గంటలకు ఇన్సులిన్ తగ్గి, గ్లూకగాన్ అనే హార్మోను ప్రభావం పెరుగుతుంది. కాలేయం తన నిలువను కొంచెం కొంచెంగా విడుదల చేస్తుంది. రాత్రి ఎనిమిదింటికి తిని ఉదయం ఎనిమిదింటి వరకు ఏమీ తినని మనిషి మెదడు నిద్రలోనూ ఆగకుండా పనిచేయడానికి ఆధారం ఇదే. మెదడుకు రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజు కావాలి. ఉపవాసం ఒక దినం దాటేసరికి కాలేయంలోని నిలువ దాదాపు అయిపోతుంది. ఆలోగానే కాలేయం మాంసకృత్తుల నుండి, కొవ్వులోని గ్లిసరాల్ నుండి గ్లూకోజును తయారుచేయడం పెంచుతుంది. శరీరంలో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలను ఇంధనంగా వాడుకోవడం మొదలుపెడుతుంది. ఇంత ఏర్పాటు ఉండబట్టే ఆరోగ్యవంతుడు ఒక పూట తినకపోయినంత మాత్రాన అతని రక్తంలో గ్లూకోజు ప్రమాదకర స్థాయికి పడిపోదు.

ఘనాహారం జీర్ణాశయాన్ని దాటడానికి సాధారణంగా రెండు నుండి నాలుగు గంటలు పడుతుంది. నూనె, నెయ్యి ఎక్కువైతే ఇంకా ఆలస్యమవుతుంది. జీర్ణాశయం, చిన్నప్రేగులు ఖాళీ అయిన తరువాత సుమారు గంటన్నర నుండి రెండు గంటలకొకసారి బలమైన సంకోచాలు అలల వలె సాగి, మిగిలిన తునకలను, సూక్ష్మజీవులను ముందుకు నెడతాయి. దీనిని ప్రేగులు తమను తాము ఊడ్చుకోవడంగా పోల్చవచ్చు. "కడుపులో ఎలుకలు పరుగెత్తుతున్నాయి" అనే వాడుక వెనుక ఉన్న గుడగుడలకు ఇదొక కారణం. ఏదైనా తినగానే ఈ అలలు ఆగిపోతాయి.

ఆకలి వేళ

ఆకలి కేవలం కడుపు ఖాళీ కావడం వలన పుట్టేది కాదు. 1999లో జపాను శాస్త్రవేత్తలు మసయాసు కొజిమా, కెంజి కంగావా బృందం జీర్ణాశయం నుండి వెలువడే గ్రెలిన్ అనే హార్మోనును కనుగొన్నది. ఇది భోజనానికి ముందు పెరిగి, తిన్న తరువాత తగ్గుతుంది. ముఖ్యంగా, అలవాటు పడిన భోజన వేళకు కొంచెం ముందు ఇది పెరుగుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకు తినే మనిషికి పన్నెండున్నరకే ఆకలి మొదలుకావడం ఇందువలననే. ఆ వేళ దాటిపోతే కొంతసేపటికి ఆకలి దానంతట అదే తగ్గడం కూడా చాలామందికి అనుభవమే. కొత్త వేళలకు మారినవారికి మొదటి కొద్ది రోజులు కష్టంగా ఉండి, తరువాత సులువు కావడానికి కారణం ఈ అలవాటే.

కొంచెం కొంచెంగా ఆరుసార్లు

రోజుకు ఐదారుసార్లు కొద్దికొద్దిగా తింటే శరీరం ఎక్కువ శక్తిని ఖర్చు చేసి బరువు తగ్గుతుందన్న సలహా చాలాకాలంగా ప్రచారంలో ఉన్నది. దీనికి మూలాలలో ఒకటి 1964లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ప్రాగ్ నగర అధ్యయనం. ఫాబ్రి, అతని సహచరులు వయసు మళ్ళిన పురుషులను పరిశీలించి, తక్కువసార్లు తినేవారిలో అధిక బరువు, అధిక కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నట్లు గమనించారు. అయితే ఇటువంటి పరిశీలనలో ఏది కారణమో ఏది ఫలితమో తేల్చడం కష్టం. లావైనవారే బరువు తగ్గాలని ఒక పూట మానివేసి ఉండవచ్చు. లావుగా ఉన్నవారు మధ్యలో తిన్న చిరుతిండిని చెప్పకుండా వదిలివేసే అవకాశమూ ఉన్నది.

ఆహారాన్ని అరిగించుకోవడానికి శరీరం అదనంగా శక్తిని ఖర్చు చేసే మాట నిజం. మామూలు మిశ్రమాహారంలో ఇది తిన్న కేలరీలలో సుమారు పదవ వంతు. 2000 కేలరీలను మూడు భాగాలుగా తింటే ఒక్కొక్క భోజనానికి సుమారు 67 కేలరీలు, ఆరు భాగాలుగా తింటే ఒక్కొక్క దానికి సుమారు 33 కేలరీలు ఖర్చవుతాయి. ఎలా లెక్కవేసినా మొత్తం 200 కేలరీలే. బెలీల్, మెక్‌డెవిట్, ప్రెంటిస్ 1997లో అప్పటి వరకు జరిగిన ప్రయోగాలను సమీక్షించి, భోజనాల సంఖ్య పెంచడం వలన శక్తి వ్యయం పెరుగుతుందనడానికి ఆధారం లేదని తేల్చారు. 2010లో కెనడాలో స్థూలకాయులపై ఎనిమిది వారాలు జరిపిన ప్రయోగంలో, కేలరీలు సమానంగా తగ్గించినప్పుడు మూడుసార్లు తిన్నవారికీ, ఆరుసార్లు తిన్నవారికీ బరువు తగ్గుదలలో తేడా కనిపించలేదు.

ఎక్కువసార్లు తినడం పూర్తిగా నిరర్థకమని కూడా చెప్పలేము. 1989లో డేవిడ్ జెన్‌కిన్స్ బృందం ఏడుగురు పురుషులకు ఒకే ఆహారాన్ని రెండు వారాలు మూడు భోజనాలుగాను, మరి రెండు వారాలు రోజుకు 17 చిరు భాగాలుగాను ఇచ్చింది. 17 భాగాలుగా తిన్నప్పుడు వారి చెడు కొలెస్టరాల్, ఇన్సులిన్ తక్కువగా ఉన్నాయి. కాని రోజుకు 17సార్లు, అదీ తూచినట్లుగా తినడం ప్రయోగశాల బయట సాధ్యమయ్యే పని కాదు. దీనికి భిన్నమైన ఫలితం మళ్ళీ ప్రాగ్ నగరం నుండే వచ్చింది. హానా కహ్లెయోవా బృందం 2014లో ప్రకటించిన ప్రయోగంలో రెండవ రకం మధుమేహం ఉన్న 54 మంది పాల్గొన్నారు. 12 వారాలు రోజుకు ఆరు చిన్న భోజనాలు, మరో 12 వారాలు ఉదయం, మధ్యాహ్నం మాత్రమే రెండు పెద్ద భోజనాలు ఇచ్చారు. కేలరీలు రెండు పద్ధతులలోనూ సమానం. రెండు భోజనాల కాలంలో సగటున 3.7 కిలోలు, ఆరు భోజనాల కాలంలో 2.3 కిలోలు బరువు తగ్గారు.

ఆరుసార్లు తినమన్న సలహాను మామూలు ఇళ్ళలో పాటించేటప్పుడు వచ్చే చిక్కు వేరొకటి. భోజనాల సంఖ్య పెరుగుతుంది కాని, ఒక్కొక్క భోజనం తగ్గదు. మూడు పూటల అన్నం, టిఫిను యథాతథంగా ఉండి, వాటి మధ్యలో బిస్కట్లు, మిక్చరు, టీ వచ్చి చేరతాయి. కప్పుకు రెండు చెంచాల పంచదార వేసిన టీ రోజుకు ఐదుసార్లు తాగితే, పంచదార ఒక్కటే 40 గ్రాములు, అనగా 160 కేలరీలు అవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన సూచన ప్రకారం ఇటువంటి చక్కెరలను రోజుకు సుమారు 25 గ్రాములకు పరిమితం చేసుకోవడం మేలు. టీని ఎవరూ తిండి కింద లెక్కవేయరు కనుక ఈ చక్కెర సాధారణంగా లెక్కకు రాదు.

పళ్ళ విషయంలో మాత్రం ఎన్నిసార్లు అన్నదే ప్రధానం. తీపి లేదా పిండి పదార్థం తిన్న ప్రతిసారీ నోటిలోని బాక్టీరియా ఆమ్లాన్ని తయారుచేస్తుంది. దాని వలన పంటి పైపొర ఖనిజాలను కోల్పోతుంది. లాలాజలం దీనిని సరిదిద్దడానికి అరగంట నుండి గంట వరకు పడుతుంది. ఆలోపే మరొక బిస్కట్టు తింటే ఆ మరమ్మతు జరగదు. స్వీడన్‌లోని విపెహోల్మ్ అనే చోట 1940లలో జరిగిన ప్రయోగాలలో, భోజనాల మధ్య జిగురుగా ఉండే మిఠాయి తిన్నవారికే పళ్ళు విపరీతంగా పుచ్చినట్లు తేలింది. మానసిక వైకల్యం ఉన్నవారిపై, వారి సమ్మతి లేకుండా చేసిన ఈ ప్రయోగాలు తరువాతి కాలంలో తీవ్ర విమర్శకు గురయ్యాయి.

ఒంటిపూట, నిర్ణీత గంటల భోజనం

ఒక్కపూట మాత్రమే తినడం, లేదా రోజులో ఆరు నుండి పది గంటల వ్యవధిలోనే తిని మిగిలిన సమయం ఉపవాసం ఉండడం 2010ల నుండి ప్రచారం పొందింది. 2007లో అమెరికాలో ఆరోగ్యవంతులైన నడివయస్కులకు ఎనిమిది వారాలు రోజంతటి ఆహారాన్ని ఒకే భోజనంగా ఇచ్చి చూశారు. శరీరంలో కొవ్వు కొంత తగ్గింది. కాని ఆకలి, రక్తపోటు, కొలెస్టరాల్ పెరిగాయి. 2022లో చైనాలోని గ్వాంగ్‌జౌ నగరంలో 139 మంది స్థూలకాయులపై ఏడాది పాటు జరిగిన ప్రయోగంలో అందరూ కేలరీలు తగ్గించారు. వారిలో సగం మంది ఉదయం 8 నుండి సాయంత్రం 4 లోపు మాత్రమే తిన్నారు. ఏడాది చివరకు రెండు బృందాల బరువు తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఈ పద్ధతి పనిచేసినచోట ప్రధానంగా తక్కువ తినడం వలననే పనిచేస్తున్నది. లెక్కలు వేసుకోవడం కంటే గడియారం చూసుకోవడం సులభం అనుకునేవారికి ఇది ఉపయోగపడవచ్చు.

యొషినోరి ఒహ్సుమికి 2016లో వచ్చిన నోబెల్ బహుమతిని ఈ ఉపవాసాలకు ముడిపెట్టడం తరచుగా కనిపిస్తుంది. ఆ బహుమతి ఈస్టు కణాలు తమ పాత భాగాలను తామే విడగొట్టి తిరిగి వాడుకునే విధానాన్ని కనుగొన్నందుకు వచ్చినది. 16 గంటల ఉపవాసానికి వచ్చినది కాదు.

ఉదయం, రాత్రి

భోజనాల సంఖ్య కంటే వాటి వేళకు ఎక్కువ ప్రాముఖ్యత ఉన్నదని ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి. శరీరంలోని కణాలకు 24 గంటల లయ ఉన్నది. ఈ లయను నడిపే జన్యువుల పరిశోధనకు జెఫ్రీ హాల్, మైకెల్ రోస్‌బాష్, మైకెల్ యంగ్ 2017లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇన్సులిన్ పనితీరు ఉదయం మెరుగ్గా, రాత్రి మందంగా ఉంటుంది. అదే అన్నం ఉదయం తిన్నప్పటి కంటే రాత్రి పొద్దుపోయి తిన్నప్పుడు రక్తంలో గ్లూకోజు ఎక్కువగా పెరుగుతుంది. 2018లో మధుమేహానికి ముందు దశలో ఉన్న ఎనిమిది మంది పురుషులు ఐదు వారాలు మధ్యాహ్నం 3 గంటలకు ముందే రోజు భోజనం ముగించినప్పుడు, బరువు తగ్గకపోయినా, ఇన్సులిన్ పనితీరు మెరుగుపడింది. బృందం చిన్నది కనుక దీనిని సూచనగా మాత్రమే తీసుకోవాలి.

హైదరాబాదు వంటి నగరాలలో రాత్రి పాళీ ఉద్యోగాలు చేసేవారికి ఈ విషయం ముఖ్యమైనది. 2021లో 19 మందిని కృత్రిమంగా రాత్రి పాళీలో ఉంచి పరిశీలించారు. రాత్రులు తిన్నవారి గ్లూకోజు అదుపు తప్పింది. పగలు మాత్రమే తిన్నవారిలో అలా జరగలేదు. పడుకునే ముందు కడుపునిండా తింటే ఆమ్లం గొంతులోకి ఎగదన్నుతుంది కనుక, ఛాతీమంట ఉన్నవారు నిద్రకు రెండు మూడు గంటల ముందే భోజనం ముగించాలని వైద్యులు చెబుతారు.

ఉదయం తినకపోతే లావెక్కుతారన్న నమ్మకానికి మాత్రం బలం తక్కువ. 2019లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన సమీక్ష ప్రకారం, ప్రయోగాలలో ఉదయం తిన్నవారు తిననివారి కంటే రోజుకు సగటున సుమారు 260 కేలరీలు ఎక్కువ తీసుకున్నారు. అయితే ఇది పెద్దవారి బరువుకు సంబంధించిన విషయం. ఎదిగే పిల్లలకు దీనిని వర్తింపజేయరాదు.

వేళ తప్పకూడనివారు

అప్పుడే పుట్టిన శిశువు కడుపు చిన్నది, నిలువలు తక్కువ. అందువలన రోజుకు 8 నుండి 12 సార్లు, రాత్రిళ్ళు కూడా, తల్లిపాలు ఇవ్వాలి. మొదటి ఆరు నెలలు తల్లిపాలు తప్ప వేరే ఆహారం అవసరం లేదు. ఆ తరువాత, తల్లిపాలు కొనసాగిస్తూ, 6 నుండి 8 నెలల మధ్య రోజుకు రెండు మూడుసార్లు, 9 నుండి 23 నెలల మధ్య మూడు నాలుగుసార్లు మెత్తని ఆహారం పెట్టాలని, అవసరాన్ని బట్టి మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇంట్లో పెద్దలతో పాటు రెండు పూటలే పెడితే, ఎంత మంచి అన్నమైనా పసివాడి చిన్న కడుపులో అవసరమైనంత పట్టదు.

గర్భిణులలో ఉపవాసపు మార్పులు మామూలు కంటే త్వరగా మొదలవుతాయి. వ్రతాల పేరిట వీరు పూటలు మానివేయడం మంచిది కాదు. కాలేయం గట్టిపడినవారికి గ్లైకోజెన్ నిలువ తక్కువ కనుక రాత్రి ఉపవాసంలోనే కండరాలు కరుగుతాయి. వీరు పడుకునే ముందు కొంచెం తినాలని వైద్యులు సలహా ఇస్తారు.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనది మధుమేహ రోగుల విషయంలో. ఇన్సులిన్ తీసుకునేవారు, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి బిళ్ళలు వాడేవారు మందు వేసుకొని భోజనం మానివేస్తే, తిన్నా తినకపోయినా ఆ మందు గ్లూకోజును తగ్గిస్తూనే ఉంటుంది. కాలేయం చేసే సర్దుబాటును కూడా అది అడ్డగిస్తుంది. గ్లూకోజు డెసీలీటరు రక్తానికి 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి మొదలవుతాయి. ఇంకా తగ్గితే మాట తడబడడం, తికమక, మూర్ఛ, స్పృహ తప్పడం సంభవిస్తాయి. మూత్రపిండాల జబ్బు కూడా ఉన్న వృద్ధులలో ఇది గంటల తరబడి కొనసాగవచ్చు. లక్షణాలు కనిపించిన వెంటనే మూడు నాలుగు చెంచాల పంచదారను లేదా గ్లూకోజు పొడిని నీటిలో కలిపి తాగించాలి. 15 నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించి, తగ్గే ఉంటే మరొకసారి ఇచ్చి, తేరుకున్న తరువాత భోజనం పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయరాదు. అది ఊపిరితిత్తులలోకి పోతుంది. వెంటనే ఆసుపత్రికి తరలించాలి.

ఏకాదశి అయినా, రంజాన్ అయినా, ఈ మందులు వాడేవారు ఉపవాసం మొదలుపెట్టడానికి కొన్ని వారాల ముందే వైద్యుడిని సంప్రదించి మందు మోతాదు, వేళలు మార్పించుకోవాలి. ఇస్లాంలో రోగులకు ఉపవాసం నుండి మినహాయింపు ఉన్నది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారిలో గ్లూకోజు ఇలా పడిపోయే ప్రమాదం చాలా తక్కువ.

బడి పిల్లలు

ఉదయం ఏమీ తినకుండా బడికి వచ్చే పిల్లవాడికి పూటల సంఖ్య అతని ఎంపిక కాదు. భారతదేశంలో మద్రాసు రాష్ట్రంలో 1950లలో కామరాజ్ ప్రభుత్వం బడులలో మధ్యాహ్న భోజనాన్ని విస్తరించింది. 2001 నవంబరు 28న సుప్రీం కోర్టు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో వండిన భోజనం పెట్టాలని అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇది 2003 జనవరిలో అమలులోకి వచ్చింది. అంతకు ముందు చాలా రాష్ట్రాలలో పిల్లలకు నెలకు ఇంత అని ధాన్యం ఇచ్చి పంపేవారు. ఆ ధాన్యం ఇంటిల్లిపాదికీ పంచుకోగా పిల్లవాడి వాటాకు వచ్చేది ఎంతో తెలిసేది కాదు. వండి పెట్టడం మొదలైన తరువాత, కనీసం బడి ఉన్న రోజులలో ఒక పూట ఆ పిల్లవాడి కడుపులోకే చేరుతున్నది. ఆదివారాలు, వేసవి సెలవులు మాత్రం ఈ లెక్కలోకి రావు.